కడప చెట్టు మీద గూడబాతు

వేములలో అర్ధరాత్రి బస్సెక్కిన పిల్లలు వేంపల్లె, కడప దాటేదాకా పాటలు పాడారు. రాజంపేట దగ్గర గొంతులు తగ్గాయి, కోడూరు తోటల దగ్గర నిద్రలోకి జారారు. శ్రీకాళహస్తి దాటి నాయుడుపేటలో టీకి ఆపితే ఒకడు కళ్ళు నులుముకుంటూ లేచి, "సముద్రం వచ్చెనా సార్?" అన్నాడు. రాలేదు. మేము పోతున్నది సముద్రానికి కాదు, దాని గడపలో ఉన్న ఒక చెరువుకు. దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు అది. ఒకప్పుడు నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. 1976లో పక్షుల రక్షిత కేంద్రమైంది. చెరువూ అడవీ అంతా కలిపి 459 హెక్టార్ల లోపే.

గేటు దాటగానే అక్కడి వాచర్ ఒకాయన మా గుంపుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఇక్కణ్ణుంచి అరవబాకండి అబ్బయ్యా, గూళ్ళల్లో బిడ్డలుండాయి" అన్నాడు. అంతే. నేను బస్సులో మూడుసార్లు చేసిన ఉపన్యాసం వల్ల కాని పని ఆ ఒక్క మాట వల్ల అయింది. ముప్ఫైమంది పిల్లలు చెప్పుల చప్పుడు కూడా రాకుండా కట్ట మీద నడిచారు.

చెరువులో నడుము లోతు నీళ్ళలో చెట్లు నిలబడి ఉన్నాయి. కొమ్మ కొమ్మకూ పుల్లల గూళ్ళు, గూటి గూటికీ తెల్లటి పెద్ద పక్షులు. దూరం నుంచి చూస్తే చెట్ల మీద ఎవరో పంచెలు ఆరేసినట్టుంది. "ఆ చెట్ల పేరేందన్నా?" అని మా వాడొకడు గుసగుసగా అడిగాడు. "కడప చెట్లు" అన్నాడు వాచర్. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "మా కడపే?" అని ఇంకొకడు. నవ్వు ఆపుకోవడానికి నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

మా జిల్లా పేరుకూ ఆ చెట్టు పేరుకూ చుట్టరికం లేదు. తిరుమలకు గడప కాబట్టి కడప అయిందని మా వైపు చెప్పుకుంటారు. ఈ నీటికడప వేరు. వృక్షశాస్త్రంలో బారింగ్టోనియా అక్యుటాంగ్యులా. నెలల తరబడి వేళ్ళు నీళ్ళలో మునిగి ఉన్నా కుళ్ళకుండా బతికే కొద్ది చెట్లలో ఇదొకటి. ఎర్రటి పూలు జడకుచ్చుల్లా వేలాడతాయి, రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి నీళ్ళ మీద రాలి పరుచుకుంటాయి. ఇంకో తమాషా ఉంది. దీని బెరడునూ గింజలనూ నూరి నీళ్ళలో కలిపితే చేపలకు మత్తెక్కుతుంది, కొన్నిచోట్ల చేపలు పట్టడానికి వాడతారు. చేపలకు పడని చెట్టు మీద, చేపలు తప్ప మరేమీ పెద్దగా తినని పక్షి కాపురం పెట్టింది.

ఆ పక్షి గూడబాతు. ఇంగ్లీషు పాఠంలో పెలికాన్. ముక్కు కింద వేలాడే తోలుసంచి చూసే ఈ పేరు పెట్టి ఉంటారు, ఎందుకంటే నీళ్ళు తోడే బుట్టను మనవాళ్ళు గూడ అంటారు. సంచిలో చేపలు దాచుకుని తిరుగుతుందని చాలామంది అనుకుంటారు. దాచుకోదు. నీళ్ళతో సహా చేపను తోడుతుంది, ముక్కు కిందికి వంచి నీళ్ళు కార్చేస్తుంది, మిగిలిన దాన్ని మింగేస్తుంది. సంచి అన్నం గిన్నె కన్నా గరిటెకు దగ్గర. గూటిలో మాత్రం కథ మారుతుంది. పిల్ల తన తలను, ఒక్కోసారి మెడదాకా, తల్లి గొంతులోకి దూర్చేసి తింటుంది. బైనాక్యులర్లో మొదటిసారి అది చూసిన మా పాప ఒకతి, "సార్, అది పిల్లను మింగతాంది!" అని కేక పెట్టబోయి, వాచర్ మాట గుర్తొచ్చి, నా చొక్కా పట్టి లాగింది.

ఈ చెరువు దగ్గర అరవకూడదన్నది మర్యాద కోసం పెట్టిన నియమం కాదు, దాని వెనక లెక్క ఉంది. గూడబాతుకు కోడిలా పొట్ట కింద వెచ్చని పొదుగుమచ్చ ఉండదు. చర్మపు పొరలతో కలిసిన వేళ్ళున్న పాదాలతోనే గుడ్లకు వేడి ఇస్తుంది. ఆడదీ మగదీ వంతులు వేసుకుని దాదాపు నెల రోజులు అలా కూర్చుంటాయి. ఇప్పుడు కట్ట మీద ఒకడు ఈల వేశాడనుకోండి. కూర్చున్నది ఉలిక్కిపడి ఒక్కసారిగా లేస్తే గుడ్డు దొర్లి నీళ్ళలో పడొచ్చు. అది గాలిలో ఒక చుట్టు చుట్టి వచ్చేలోపు కాకి పని కానిచ్చేస్తుంది. పిల్లలు పుట్టినప్పుడు ఒంటి మీద ఈక ఉండదు, బోడి చర్మం. పెద్దది నీడ పట్టకపోతే పన్నెండు గంటల ఎండకు అవి వాడిపోతాయి. ఒక గూడు కదిలితే పక్క గూళ్ళూ కదులుతాయి. సరదాకు వేసిన ఈల ఖరీదు అది.

లేచిపోని పక్షి హాయిగా ఉందనుకోవడమూ పొరపాటే. అంటార్కిటికాలో పెంగ్విన్ల గుండె చప్పుళ్ళను పరికరాలతో కొలిచారు. మనిషి దగ్గరికి వస్తుంటే పక్షి గూటి మీద రాయిలా కదలకుండానే కూర్చుంది, కానీ గుండె వేగం పెరిగిపోయింది. అందుకే చాలాచోట్ల ఇలాంటి కేంద్రాల్లో దారులు గూళ్ళ వైపు నేరుగా వెళ్ళవు, పక్కగా వంకరగా పోతాయి. తన వైపే సూటిగా నడిచి వచ్చే జంతువును పక్షి వేటగాడి కింద లెక్కేస్తుంది. పక్కగా పోయే గొర్రెను పట్టించుకోదు. వాచ్ టవర్లు, చెక్క వంతెనలు, చూపు చీలిక మాత్రం వదిలిన తడికలు, ఇవన్నీ మనిషిని గొర్రెగా చూపించే ఏర్పాట్లు. కాకినాడ పక్కన కోరింగ అభయారణ్యంలో మడచెట్ల నడుమ వేసిన చెక్క వంతెన చూసినవాళ్ళకు ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన మడ వేళ్ళు ఆ చెట్టు ముక్కులు. వాటిని తొక్కితే చెట్టుకు ఊపిరాడదు. వంతెన మన కాళ్ళకు బురద అంటకుండా వేశారని అందరూ అనుకుంటారు.

ఇక నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ రోజు బస్సులో పిల్లలకు, "సైబీరియా నుంచి వేల మైళ్ళు ఎగిరొచ్చిన పక్షుల్ని చూడబోతున్నాం" అని చెప్పాను. పేపర్లలో అలాగే రాస్తారు, నేనూ అలాగే చదివాను. తెల్లగా, పెద్దగా ఉండి చలికాలంలో కనపడిన ప్రతి పక్షికీ మన దగ్గర సైబీరియా పాస్‌పోర్టు ఇచ్చేస్తాం. నేలపట్టు గూడబాతు దక్షిణాసియాదే. నత్తగుల్ల కొంగ మనదే, తెల్ల కంకణం మనదే. వానను బట్టీ, చెరువును బట్టీ ఊళ్ళు మారతాయి తప్ప హిమాలయాలు దాటవు. ఈ తీరానికి ముఖ్యమైన వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి చెరువు నిండితే గూళ్ళు మొదలవుతాయి, చేపలు సమృద్ధిగా ఉండే నెలల్లో పిల్లలు పెరుగుతాయి, మార్చికల్లా ఖాళీ చేస్తాయి. వాన పడకపోతే ఆ ఏడు కాపురం ఉండదు. శెనక్కాయ విత్తనం సంచిలో పెట్టుకుని మొబ్బు వైపు చూసే మా వేముల రైతుకు ఈ పక్షి సంగతి ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

నిజంగా దూరం నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి, చూడటానికి అంత ఘనంగా ఉండవు. ఉత్తరాసియా నుంచి దిగే సూదితోక బాతులు, మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాల మీదుగా వచ్చే నల్లచారల తల పెద్దబాతులు, బురదలో పిచికల్లా పరుగులు పెట్టే చిన్న చిన్న ఉల్లంకులు. ఇలాంటి కేంద్రంలో సందర్శకుల పక్కన నిలబడే మనిషి అవసరం సరిగ్గా ఇక్కడే వస్తుంది. బోర్డు మీద రాసింది చదివి వినిపించడానికి మనిషి అక్కర్లేదు. నాలాంటి అయ్యవారు మైకు లేకుండానే అబద్ధం చెబుతుంటే, నొప్పించకుండా సరిదిద్దడానికి కావాలి. ఆ వాచర్ చేసింది అదే. "ఇయ్యి యాణ్ణుంచో రాలేదు సారూ, పులికాట్‌లో తిని ఈడ పురుడు పోసుకుంటాయి" అన్నాడు. నాకు డిగ్రీ ఉంది, ఆయనకు చెరువు ఉంది.

పులికాట్ అక్కడికి 20 కిలోమీటర్లు ఉంటుంది. దేశంలో చిలికా తర్వాత అంతటి ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో. పడమటి నుంచి కాళంగి, ఆరణి, స్వర్ణముఖి నీళ్ళు తెస్తాయి, తూర్పున ఇసుక తిన్నెల మధ్య ముఖద్వారాల గుండా సముద్రం ఉప్పు తెస్తుంది. రెండూ కలిసేచోట రొయ్య, చేప, పీత విరివిగా పెరుగుతాయి. ముఖద్వారం ఇసుకతో పూడిపోతే సరస్సుకు ఊపిరి ఆగినట్టే. జాలరి వలా, గూడబాతు సంచీ రెండూ ఒకేసారి ఖాళీ అవుతాయి. లోతు చాలాచోట్ల మనిషి నడుము దాటదు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు ఈ నీళ్ళను చీల్చుకుంటూ పోతుంది. ఆ రోడ్డు మీద అటకానితిప్ప దగ్గర బస్సు ఆపితే, దూరంగా నీటి అంచున గులాబీ రంగు గీత కనిపించింది. బైనాక్యులర్ పెట్టుకుంటే ఆ గీతకు కాళ్ళు మొలిచాయి. రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు.

ఈ రోడ్డు చివర ఉన్న రాకెట్ కేంద్రానికి 2002లో సతీశ్ ధవన్ పేరు పెట్టారు. ఇస్రో అధ్యక్షుడిగా ఉండి, గాలిలో వస్తువులు ఎలా కదులుతాయో జీవితమంతా చదివిన ఆయన, పక్షి ఎలా ఎగురుతుందన్న దాని మీద విడిగా ఒక పుస్తకమే రాశారు. రాకెట్లు చూడటానికి వచ్చినవాళ్ళు పక్షుల్ని చూడకుండా పోతారు. ఆయన మాత్రం రెండూ చూశారు.

రాజహంస తల కిందులుగా పెట్టి ఏం చేస్తోందో పిల్లలకు మాటలతో చెబితే ఎక్కలేదు. బస్సు డ్రైవరు దగ్గర టీ వడగట్టే జల్లెడ ఉంటే అడిగి తెచ్చాను. బక్కెట్లో సరస్సు నీళ్ళు, కాస్త బురద. ఒక పిల్లవాడు జల్లెడను బోర్లా పట్టి ముంచి అటూ ఇటూ ఊపాడు. బురద పోయింది, నాచూ, చీమ తలంత పురుగులూ మిగిలాయి. రాజహంస ముక్కు లోపలి అంచులంతా ఇలాంటి సన్నటి దంతెలే. లావుపాటి నాలుక పిస్టనులా ముందుకూ వెనక్కీ కదులుతూ సెకనులో పలుమార్లు నీళ్ళు లాగి, వదిలేస్తుంది. ఆ నాచులోనూ పురుగులోనూ ఉన్న కెరోటినాయిడ్లే దాని ఈకలకు రంగు. గాజరగడ్డకు ఎరుపునిచ్చేవీ ఆ జాతి పదార్థాలే. పుట్టినప్పుడు పిల్ల బూడిదరంగులో ఉంటుంది, గులాబీ రంగు తిండితో ఏళ్ళ మీద వస్తుంది. మోకాలు వెనక్కి వంగినట్టు కనపడేది మోకాలు కాదు, చీలమండ. మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది. ఇవి కూడా సైబీరియావి కావు. మన దేశంలో రాజహంసలు పెద్ద ఎత్తున గూళ్ళు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్ ఉప్పు బయళ్ళలో. ఆ గూళ్ళ పట్టణాన్ని 1945లో సలీం అలీ వెళ్ళి చూసొచ్చారు.

"ఎన్నుండాయి సార్?" అన్నది తర్వాతి ప్రశ్న. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. వంద, ఐదొందలు, లక్ష.

బస్సులో ఉన్న శెనక్కాయ విత్తనాలు గుప్పెడు తీసి తువ్వాలు మీద చల్లి, మూడు అంకెలు లెక్కపెట్టేలోపు మళ్ళీ కప్పేశాను. ఎన్ని ఉన్నాయో చెప్పమంటే చాలామంది అసలు కన్నా తక్కువే చెప్పారు. ఇది పిల్లల లోపం కాదు. గుంపు పెద్దదయ్యేకొద్దీ మనిషి కన్ను తక్కువ అంచనా వేస్తుందని పక్షులు లెక్కపెట్టేవాళ్ళందరికీ తెలుసు. దానికి మందు పాతదే. ముందు పదింటిని వేలుపెట్టి లెక్కించి, ఆ పది ఎంత మేర ఆక్రమిస్తాయో కంటికి గుర్తు పెట్టుకోవాలి. ఆ మేరను పక్కపక్కనే పరుచుకుంటూ పోతే వంద మేర దొరుకుతుంది. వంద మేరతో గుంపంతా కొలవాలి. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, తర్వాతే అంకెలు చెప్పుకోవాలి. ముందే చెప్పుకుంటే రెండోవాడు మొదటివాడి అంకెనే లెక్కపెడతాడు. రెండో విడత తువ్వాలు తీసినప్పుడు మా పిల్లలు అసలు అంకెకు బాగా దగ్గరికొచ్చారు. విత్తనాలు తర్వాత తినేశారు, రుజువు మిగల్లేదు.

లెక్కపెట్టడంతోనే రక్షణ మొదలైన కథ ఒకటి ఉంది, సముద్రానికి అవతల ఒడ్డున. 1886లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే కుర్రాడు న్యూయార్క్ వీధుల్లో రెండు రోజులు నడిచాడు. ఆడవాళ్ళ టోపీలు చూసుకుంటూ నడిచాడు. లెక్కేసిన 700 టోపీలలో 542 టోపీల మీద ఈకలో, పూర్తి పక్షులో కుట్టి ఉన్నాయి. 40 జాతుల పక్షుల్ని ఆయన గుర్తుపట్టి రాసుకున్నాడు. ఆ ఫ్యాషన్ కోసం ఫ్లోరిడా తీరంలో కొంగల్ని, గూడబాతుల్ని గూళ్ళ మీదే కాల్చేవారు. ఆ తీరంలోనే ఒక మడ దీవి మీద మిగిలిన గూడబాతుల్ని పాల్ క్రోగెల్ అనే పడవలు కట్టుకునే మనిషి, ఎవరూ అడగకుండానే తుపాకీ పట్టుకుని కాపలా కాసేవాడు. చాప్‌మన్ లాంటివాళ్ళు ఆ సంగతి దేశాధ్యక్షుడు రూజ్వెల్ట్ దాకా తీసుకెళ్ళారు. 1903 మార్చి 14న పెలికాన్ ఐలాండ్ రక్షిత ప్రాంతమైంది. అమెరికాలో ఇవాళ్టి వన్యప్రాణి ఆశ్రయాల వ్యవస్థకు అది మొదటి ఇటుక. క్రోగెల్‌ను కాపలాదారుగా పెట్టారు, ఇచ్చిన జీతం నెలకు ఒక డాలరు. అది జీతం కాదు, తాంబూలం.

చాప్‌మన్ అంతటితో ఆగలేదు. క్రిస్మస్ నాడు జట్లుగా విడిపోయి ఎవరు ఎక్కువ పక్షుల్ని కాలుస్తారో పోటీ పెట్టుకునే అలవాటు అప్పుడు ఉండేది. కాల్చడం మానేసి లెక్కపెడదాం రండి అని 1900 క్రిస్మస్‌కు పిలిచాడు. 27 మంది వచ్చారు. ఆ లెక్కింపు నేటికీ ఏటా జరుగుతోంది. ఏ పక్షి తగ్గుతోంది, ఏది ఉత్తరానికి జరుగుతోంది అని శాస్త్రవేత్తలు చెప్పగలుగుతున్నది జీతం తీసుకోని వేలమంది రాసిన అలాంటి కాగితాల ఆధారంతోనే. మన వైపు దీనికి సాటి వచ్చేది ఆసియా నీటిపక్షుల గణన. 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతుంది. చెరువు గట్టున నోట్‌బుక్కుతో నిలబడే వాళ్ళలో అటవీశాఖ వాళ్ళూ ఉంటారు, కాలేజీ పిల్లలూ, బ్యాంకు ఉద్యోగులూ ఉంటారు. తిరుపతిలోని ఐసర్ అనే శాస్త్రవిద్యాసంస్థ వాళ్ళు అక్కడి పక్షులకు అట్లాస్ తయారు చేయడానికి కూడా ఇలాంటి ఔత్సాహికుల్నే వెంటపెట్టుకున్నారు.

వాళ్ళను ఏమని పిలవాలన్నదే మన దగ్గర చిక్కు. వాలంటీరు అందామంటే, 2019 తర్వాత మన రాష్ట్రంలో ఆ మాటకు అర్థం మారిపోయింది. మా అవ్వకు వాలంటీరంటే ఒకటో తేదీన పింఛను తెచ్చిన పిల్లోడు. స్వచ్ఛంద సేవకుడు అంటే వేదిక మీద శాలువా గుర్తొస్తుంది. నేలపట్టు ఊరివాళ్ళకు ఈ రెండు పేర్లూ అక్కర్లేకపోయాయి. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలాలకు పారితే పంట బాగుంటుందని వాళ్ళకు తరతరాలుగా తెలుసు. రెట్టలో నత్రజని, భాస్వరం ఉంటాయని ఆ తర్వాత మనం పుస్తకాల్లో చదువుకున్నాం. అందుకే పక్షుల జోలికి ఎవరినీ పోనిచ్చేవారు కాదు. ప్రభుత్వం బోర్డు పెట్టకముందే అక్కడ రక్షిత కేంద్రం ఉంది.

ఇలాంటి ఊళ్ళు మనకు ఇంకా ఉన్నాయి. మా రాయలసీమలోనే చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఇళ్ళ మధ్య చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. రెట్టల వాసనకూ, పిల్లల అరుపులకూ ఊరు ఓర్చుకుంటుంది. పుట్టింటికి పురిటికొచ్చిన బిడ్డను ఎవరు పొమ్మంటారు? శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ అదే వరస. వీళ్ళకు శిక్షణ ఇవ్వాలని బయలుదేరేవాళ్ళకు నాదొక సలహా. ముందు వాళ్ళ దగ్గర కూర్చుని రాసుకోండి. ఏ సంవత్సరం ఎప్పుడు వచ్చాయి, ఏ చెట్టు వదిలేశాయి, ఏ ఏడు రాలేదు. ఆ ముసలివాళ్ళ జ్ఞాపకాలు ఏ రిజిస్టరులోనూ లేవు.

బయటినుంచి వచ్చేవారికి పని లేదని కాదు. సముద్రపు ఒడ్డున జనవరి నుంచి రెండు మూడు నెలలు రాత్రి కాపలా కావాలి. ఆలివ్ రిడ్లే తాబేలు ఒడ్డుకొచ్చి ఇసుకలో గొయ్యి తవ్వి, నూరు దాకా గుడ్లు పెట్టి, గొయ్యి పూడ్చి, వెనక్కి తిరిగి చూడకుండా పోతుంది. కుక్కలూ నక్కలూ తవ్వకముందే ఆ గుడ్లను జాగ్రత్తగా తీసి, కంచె వేసిన చోట అంతే లోతులో మళ్ళీ పాతాలి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. ఇసుక వేడిని బట్టి ఆడవో మగవో తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడవి. గొయ్యి లోతూ నీడా తప్పితే పుట్టే పిల్లల లెక్కే తప్పుతుంది. పైకొచ్చిన పిల్ల వెలుతురు ఎక్కువున్న వైపు పోతుంది. సృష్టి మొదలు ఆ వెలుతురు సముద్రం మీది ఆకాశానిది, ఇప్పుడు రిసార్టు బల్బుది. కాబట్టి అక్కడ సేవ అంటే అర్ధరాత్రి మైళ్ళ కొద్దీ ఇసుకలో నడవడం, టార్చి ఆర్పేయడం. చెన్నై ఒడ్డున 1970ల నుంచి ఈ నడకలు సాగుతున్నాయి, 1988 నుంచి అక్కడ విద్యార్థుల బృందమే ఈ పని చూస్తోంది. మన కోస్తాలోనూ జాలరి యువకులు చాలాచోట్ల ఇదే పని చేస్తున్నారు. ఫొటో కోసం మొదటి రాత్రి వచ్చేవాళ్ళు ఎక్కువ, మూడో రాత్రికి వచ్చేవాళ్ళే పనికొస్తారు.

ఫ్లెమింగో పండగ గురించి అడుగుతారు కాబట్టి చెబుతాను. 2001లో సూళ్ళూరుపేట కేంద్రంగా మొదలైంది, 2020 తర్వాత కొన్నేళ్ళు ఆగి, 2025 జనవరి 18 నుంచి 20 వరకు మళ్ళీ జరిగింది. దుకాణాలకు వ్యాపారం, పడవలవాళ్ళకు నాలుగు రూపాయలు, బడిపిల్లలకు ఉచిత బస్సులు. ఇవి మంచివే. కానీ మూడు రోజుల్లో తోసుకుంటూ వచ్చిన వేలమందికి రాజహంస దూరంగా కనపడే గులాబీ గీత మాత్రమే. రాత్రి వేదిక మీద సినిమా పాటలు. పక్షి పేరు మీద జరిగే పండగలో పక్షికి నచ్చనిది చప్పుడే. నేను ఆ మూడు రోజుల్లో పిల్లల్ని తీసుకుపోను. పని రోజున పోతాను. మైకులు లేని రోజు ఏ వాచర్ అయినా పది నిమిషాలు మనతో మాట్లాడతాడు.

తిరుగు ప్రయాణంలో ఒక పిల్లవాడు, "మన తావ ఇట్లాంటి పక్షి ఏం లేదా సార్?" అన్నాడు. సరిగ్గా అడిగాడు. ప్రపంచంలో మరెక్కడా గూడు లేని పక్షి మా కడప జిల్లాలోనే కనపడింది, కలివికోడి. కలివి పొదల మధ్య రాత్రిపూట పరుగెత్తే బూడిద, గోధుమ రంగుల పక్షి. 1900లో అనంతపురం దగ్గర చూసిన తర్వాత 86 ఏళ్ళు ఎవరికీ అగుపడలేదు, అంతరించిందనే రాసేశారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు బొమ్మ పట్టుకుని ఊళ్ళూళ్ళూ తిరిగితే, దాన్ని గుర్తుపట్టింది పక్షులు పట్టి బతికే ఐతన్న. 1986 జనవరిలో లంకమల అడవి అంచున టార్చి వెలుగులో ఆయనే పట్టుకున్నాడు. శాస్త్రవేత్త భరత్ భూషణ్ వచ్చి చూసి నిర్ధారించారు. రెండేళ్ళకు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, దాని కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా తర్వాత మళ్ళించారు. ఆ పక్షిని వెతికిన తీరు మా పిల్లలకు శెనక్కాయల లెక్క కన్నా నచ్చింది. పొదల మధ్య మెత్తటి మన్ను జల్లించి పట్టీల్లా పరుస్తారు. రాత్రి ఏది నడిచినా పొద్దున అడుగుల గుర్తు ఉంటుంది. కలివికోడికి ముందరి వేళ్ళు మూడే, వెనక వేలు లేదు. ఆ గుర్తును కముజు అడుగు నుంచీ, కౌజు అడుగు నుంచీ వేరు చేయగలిగిన కళ్ళు గొర్రెల కాపరులవి.

మరుసటి వారం మా బడి వెనక కుళాయి దగ్గర పిల్లలు మన్ను జల్లించి పట్టీ పరిచారు. కలివికోడి రాదని వాళ్ళకూ తెలుసు. మొదటి పొద్దున రెండు కాకులు, ఒక ముంగిస, పరీక్ష ఎగ్గొట్టిన ఒక పిల్లవాడి చెప్పులు దొరికాయి. అన్నీ రాసుకున్నారు.

నేలపట్టుకు పోవాలనుకుంటే డిసెంబరు, జనవరి మంచివి. పొద్దున్నే పోండి, ముదురు రంగు బట్టలేసుకోండి, ఆరుగురికి ఒక్క బైనాక్యులర్ ఉన్నా చాలు. అంతదూరం కుదరకపోతే ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. అందులో చేరడానికి ఊరి కుంట గట్టు సరిపోతుంది. కనీసం పావుగంట ఒకచోట నిలబడి, కనపడినవన్నీ రాయాలి. గుర్తుపట్టలేని పక్షికి సైబీరియా పేరు మాత్రం పెట్టకండి.